అలుపు తెలియనివ్వని క్యాన్లు: కోచ్‌లకు, జిమ్ ట్రైనర్లకు, పోటీల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడా శిక్షకులకు, జిమ్ ట్రైనర్లకు, యువజన పోటీల నిర్వాహకులకు,

నమస్కారం. ఎండనకా వాననకా గ్రౌండులో నిలబడి పిల్లలను తీర్చిదిద్దే మీ శ్రమ నాకు తెలుసు. నేనూ అదే పనిలో ఉన్న వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఈ మాటలు ముందుగా విడిగానే చెప్పాను. పిల్లల పరుగు పోటీల్లో ఎనర్జీ డ్రింకులు పంచడం ఆపమని నిర్వాహకులకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. చివరికి ఫోన్‌లో దొరికిన ఒక పెద్దమనిషి "అది నిషేధించిన మందేం కాదు కదండీ, అందరూ తాగుతున్నదే" అని పెట్టేశారు. ఆ మాట విన్నాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

ఆ డ్రింకుల్లో హుషారు కోసం ఉండేది కెఫీన్, కాఫీ, టీలలో ఉండే పదార్థమే. అది ఎందుకూ పనికిరాదని నేను అనడం లేదు. అది పనిచేస్తుంది. 1978లో అమెరికాలో డేవిడ్ కాస్టిల్ బృందం పోటీల్లో పాల్గొనే తొమ్మిది మంది సైక్లిస్టులతో ఒక పరీక్ష చేసింది. కెఫీన్ తీసేసిన కాఫీ తాగిన రోజు వాళ్లు సగటున 75 నిమిషాలు తొక్కి ఇక కాళ్లాడవన్నారు. అదే కాఫీలో 330 మిల్లీగ్రాముల కెఫీన్ కలిపి ఇచ్చిన రోజు 90 నిమిషాల దాకా తొక్కారు. ఆ తర్వాత జరిగిన పరిశోధనలు చాలావరకు ఆ ఫలితాన్నే బలపరిచాయి. కిలో శరీర బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల చొప్పున, వ్యాయామానికి గంట ముందు తీసుకుంటే చాలామందిలో పనితనం కొంత మెరుగుపడుతుందని ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ స్పోర్ట్స్ న్యూట్రిషన్ 2021లో ప్రకటించింది. కిలోకు 9 మిల్లీగ్రాముల దాకా పోతే ఇబ్బందులే ఎక్కువని, అంత అవసరం కూడా లేదని అదే పత్రంలో ఉంది. పనిచేసే పదార్థం కాబట్టే ఎవరికి, ఎంత, ఎప్పుడు అనే లెక్క ఉండాలి. మన గ్రౌండుల్లో, జిమ్ముల్లో లేనిది ఆ లెక్కే.

ఇక నేను చెప్పదలచుకున్నవి వరుసగా చెబుతాను.

1. క్యాన్ తాగితే అలుపు పోదు. అలుపు తెలియడం ఆగుతుంది, అంతే.

మెలకువగా ఉన్నంతసేపూ, ఒళ్లు వంచి పని చేస్తున్నంతసేపూ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది మెదడు కణాల మీద తనకోసం ఉన్న గ్రాహకాలకు అతుక్కున్నప్పుడు మనకు మగతగా, నిస్త్రాణగా, ఇక చాలు అన్నట్టుగా అనిపిస్తుంది. కెఫీన్ ఆకారం ఎడినోసిన్‌కు దగ్గరగా ఉంటుంది. కాబట్టి అది ముందుగా వెళ్లి ఆ గ్రాహకాలను ఆక్రమిస్తుంది. ఎడినోసిన్ పోగవుతూనే ఉంటుంది కానీ అది మోసుకొచ్చే కబురు దారిలోనే ఆగిపోతుంది.

కబురు ఆగినంత మాత్రాన కండరంలో ఖర్చయిపోయిన గ్లైకోజెన్, అంటే కండరం దాచుకునే ఇంధనం, తిరిగి రాదు. చెమటగా పోయిన నీరు, ఉప్పు తిరిగి రావు. ఒంట్లో పెరిగిన వేడి దిగదు. గుండె మీద భారం తగ్గదు. అనేక అధ్యయనాలను కలిపి చూసిన 2005 నాటి విశ్లేషణ ఒకటుంది. వ్యాయామం చేస్తున్నప్పుడు "ఎంత కష్టంగా ఉంది" అని అడిగితే, కెఫీన్ తీసుకున్నవాళ్లు ఆ కష్టాన్ని దాదాపు 6 శాతం తక్కువగా చెప్పారు. పనితనంలో కనిపించిన మెరుగుదలలో మూడో వంతుకు కాస్త తక్కువ భాగాన్ని ఈ ఒక్క తేడాతోనే వివరించవచ్చని తేలింది. మనలో శిక్షణ పొందినవాళ్లకు బోర్గ్ స్కేలు తెలుసు, 6 నుంచి 20 దాకా అంకెలతో ఆటగాడు తన శ్రమను తానే చెప్పే కొలత. కోచ్‌గా మనం రోజూ ఆధారపడేది ఆ అంకె మీదే. పిల్లవాడు 13 అంటే ఇంకో రౌండు పరిగెత్తిస్తాం, 17 అంటే ఆపుతాం. క్యాన్ తాగించి ఆ అంకె అడిగితే వచ్చే జవాబును మనం నమ్మగలమా?

పెద్దవాడైన అథ్లెట్‌కు ఏళ్ల అనుభవం ఉంటుంది. తన ఒంటి తీరు తెలుసు, వేగం చూసుకుంటాడు, గడియారం చూసుకుంటాడు. పద్నాలుగేళ్ల పిల్లకు ఆగాలని చెప్పేది అలుపొక్కటే. అదీ లేకుండా చేస్తున్నాం. ఎండ తీవ్రంగా ఉన్న రోజున ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. ఆగాల్సిన చోట ఆగకపోతే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి వడదెబ్బలోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు.

2. ఉత్తరం రాయించిన సంఘటన.

పదిహేనేళ్ల లోపు పిల్లల 1500 మీటర్ల పోటీ అది. ట్రాకు పక్కనే స్పాన్సర్ బల్ల, దాని మీద ఐసు పెట్టెలో పెద్ద క్యాన్లు. ఎవరు చెయ్యి చాస్తే వాళ్లకు. అక్కడ పరిగెత్తిన ఒక కుర్రాడు హీట్స్‌కు, అంటే తొలి రౌండు పరుగుకు ముందు ఒకటి, ఫైనల్‌కు ముందు ఇంకొకటి తాగాడు. గీత దాటాక మిగతా పిల్లలంతా గడ్డి మీద కూలబడితే వాడు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. "అలుపే తెలియట్లేదు సార్" అన్నాడు నాతో. పక్కనున్నవాళ్లు భేష్ అని భుజం తట్టారు.

ఊడిన లేసు కట్టుకుందామని వంగాడు. వేళ్లు వణుకుతున్నాయి. కొసలు రెండూ పట్టుకున్నాడు కానీ ముడి పడటం లేదు. కూర్చోబెట్టి మణికట్టు మీద వేళ్లు పెట్టి చూశాను. పరుగు ఆగి చాలాసేపైనా నాడి నెమ్మదించలేదు, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పి మళ్లీ అందుకుంటోంది. పెదాలు ఎండిపోయాయి, అరచేతులు చల్లగా ఉన్నాయి. కాసేపటికి కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

ఆసుపత్రిలో డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న: "కెఫీన్ ఎంత పోయింది లోపలికి?" అక్కడున్న కోచ్‌కు తెలియదు, నిర్వాహకులకు తెలియదు, పరిగెత్తుకొచ్చిన తల్లికి అసలే తెలియదు. నేను గ్రౌండుకు తిరిగి వెళ్లి చెత్తబుట్టలోంచి క్యాన్ తీసి తిప్పి తిప్పి వెతికితే, అడుగు దగ్గర చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది, 100 మిల్లీలీటర్లకు 32 మిల్లీగ్రాములు. క్యాన్ 500 మిల్లీలీటర్లది. అంటే ఒక్కో దానిలో 160, రెండూ కలిపి 320. కుర్రాడు ఆ రాత్రంతా పరిశీలనలో ఉండి మర్నాడు క్షేమంగా ఇంటికెళ్లాడు. అందరు పిల్లలకూ అలాగే జరుగుతుందన్న భరోసా మీరు గానీ నేను గానీ ఇవ్వలేం.

3. పిల్లల లెక్క వేరు, పెద్దల లెక్క వేరు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో ఇచ్చిన అభిప్రాయం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఒకేసారి 200 మిల్లీగ్రాములు, రోజు మొత్తంలో 400 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ తీసుకుంటే భయం లేదు. గర్భిణులకు రోజంతటికీ కలిపి 200. పిల్లలకు, కౌమారంలో ఉన్నవాళ్లకు రోజుకు కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు.

ఆ కుర్రాడి బరువు 42 కిలోలు. అంటే రోజుకు 126 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక్క పొద్దుటిపూటలో దానికి రెండున్నర రెట్లు పైగా తాగాడు. 30 కిలోల పిల్లకైతే హద్దు 90. 80 మిల్లీగ్రాములుండే చిన్న 250 మిల్లీలీటర్ల క్యాన్ ఒక్కటి తాగితే దాదాపు ఆ రోజు కోటా అయిపోయినట్టే. ఆపైన తాగే కాఫీ, టీ, కోలా, తినే చాక్లెట్ అన్నీ అదనం. కొన్ని బ్రాండ్లలో ఒక్క క్యాన్‌లోనే 300 మిల్లీగ్రాములు ఉంటాయి. చూడటానికి క్యాన్లన్నీ ఒకేలా ఉంటాయి, లోపలిది మూడు నాలుగు రెట్లు తేడా.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లోనే తేల్చి చెప్పింది, పిల్లల ఆహారంలో ఎనర్జీ డ్రింకులకు చోటు లేదని. లిథువేనియా 2014లో, లాత్వియా 2016లో, పోలండ్ 2024లో పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు వీటి అమ్మకాన్నే ఆపేశాయి. ఐరోపా సమాఖ్యలో లీటరుకు 150 మిల్లీగ్రాములు మించి కెఫీన్ ఉన్న ఇలాంటి పానీయాల మీద, పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని రాసి తీరాలి. తయారీదారులే చాలా క్యాన్ల మీద పిల్లలకు కాదని అచ్చు వేస్తున్నారు. ఆ అచ్చు ఉన్న క్యాన్‌నే మనం పిల్లల పోటీలో, చేతికి నంబరు కట్టిన చోటే అందిస్తున్నాం.

4. సాయంత్రం స్కూపు, రాత్రి నిద్ర.

ఇది జిమ్ ట్రైనర్లకు చెబుతున్నాను, కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే ఆసుపత్రి దాకా వెళ్లే పిల్లలు కొందరే, ఈ చిక్కులో పడి తిరుగుతున్న పెద్దవాళ్లు వేల మంది.

పొద్దంతా పనిచేసి, నిద్ర చాలక, కళ్లు లాగేస్తుండగా జిమ్‌కు వచ్చే మనిషిని తలచుకోండి. "ఇవాళ ఒంట్లో సత్తువ లేదన్నా" అంటాడు. అతనికి కావలసింది తేలికపాటి వ్యాయామం, లేదా ఇంటికెళ్లి పడుకోవడం. మనం ఇచ్చేది ప్రీ వర్కౌట్ పొడి, అంటే వ్యాయామానికి ముందు నీళ్లలో కలుపుకుని తాగే పొడి. చాలా పొడుల్లో ఒక్క స్కూపులో, అంటే ఒక కొలత చెంచాలో, 200 నుంచి 300 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆ పూట బరువులు బాగానే ఎత్తుతాడు. మీకూ తృప్తి, అతనికీ తృప్తి.

కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం 6 గంటలకు 300 మిల్లీగ్రాములు తీసుకుంటే రాత్రి 11 గంటలకు ఇంకా 150 మిగిలే ఉంటుంది. అంటే పడుకునే వేళకు ఓ గట్టి కాఫీ తాగినట్టు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో 400 మిల్లీగ్రాముల కెఫీన్‌ను పడుకోవడానికి ఆరు గంటల ముందు ఇచ్చినా నిద్ర గంటకు పైగా తగ్గింది. ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. కొందరికి కన్ను మూతపడుతుంది, పడుకున్నామనే అనుకుంటారు, కానీ గాఢనిద్ర తగ్గిపోతుంది. కండరం మరమ్మతుకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ ఎక్కువగా విడుదలయ్యేది గాఢనిద్రలోనే. వ్యాయామం ఫలం చేతికొచ్చేది అక్కడే.

మర్నాడు ఇంకా అలసటగా లేస్తాడు. పొద్దున్న రెండు కాఫీలు, మధ్యాహ్నం ఓ క్యాన్, సాయంత్రం మళ్లీ స్కూపు. కొన్నాళ్లకు అదే మోతాదు చాలదు. మానేద్దామని చూస్తే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు, మబ్బు మొదలై రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉంటాయి. అది కెఫీన్ మానిన ఇబ్బంది అని చెప్పేవాళ్లు లేక "పొడి లేకపోతే నాకు పని జరగదు" అని నమ్మేస్తాడు. ఆరోగ్యం కోసం జిమ్‌లో చేరిన మనిషి ఇలా అలవాటుకు బానిసవుతుంటే చూస్తూ ఎలా ఊరుకుంటాం?

పదిహేను, పదహారేళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చదువులతో అది ఇప్పటికే దొరకడం లేదు. సాయంత్రం ప్రాక్టీసుకు క్యాన్ ఇస్తే ఉన్నదీ పోతుంది.

5. గుండె సంగతి.

ఆరోగ్యంగా ఉన్న పద్దెనిమిది మంది యువతీ యువకులతో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. ఒకసారి 946 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకు, మరోసారి అంతే కెఫీన్, 320 మిల్లీగ్రాములు, ఉన్న మామూలు పానీయం ఇచ్చారు. ఎనర్జీ డ్రింకు తాగిన రెండు గంటలకు ఈసీజీలో క్యూటీ విరామం రెండో పానీయంతో పోలిస్తే 10 మిల్లీసెకన్లు ఎక్కువగా కనిపించింది. ఆ విరామం అంటే ఒక్కో దెబ్బ తర్వాత గుండె మళ్లీ సిద్ధమవడానికి పట్టే సమయం. అది హద్దు మీరి సాగితే లయ తప్పే ప్రమాదం. మామూలు గుండెకు 10 మిల్లీసెకన్ల తేడా పెద్ద లెక్క కాకపోవచ్చు. పుట్టుకతోనే క్యూటీ విరామం ఎక్కువగా ఉన్న పిల్లలు, గుండె గోడ మందంగా ఉన్న పిల్లలు మన మధ్యే ఉంటారు. వాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు. కొందరిలో మొదటిసారి బయటపడేది ఆటలో కుప్పకూలినప్పుడే. అలాంటి బిడ్డ మన జట్టులో ఉందో లేదో చూసి చెప్పగలిగిన వాళ్లు మనలో ఎవరూ లేరు.

పెద్దవాళ్లలోనూ కెఫీన్ అందరికీ ఒకేలా ఉండదు. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో అది ఒంట్లో ఉండే సమయం దాదాపు రెట్టింపు అవుతుంది. గర్భం చివరి నెలల్లో ఇంకా ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్నా కెఫీన్ త్వరగా విరగదు. ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ కెఫీన్ జాతిదే, రెండూ కలిస్తే గుండె దడ, వణుకు పెరుగుతాయి. జన్యువుల తేడా కూడా ఉంది. 2018లో 101 మంది అథ్లెట్లతో చేసిన సైక్లింగ్ పరీక్షలో కిలోకు 4 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే, ఒక రకం జన్యువు ఉన్నవాళ్ల వేగం పెరిగింది, మరో రకం ఉన్నవాళ్ల వేగం బాగా పడిపోయింది. "నాకు బాగా పనిచేసింది, నువ్వూ వేసుకో" అన్న సలహా ఎంత గుడ్డిదో దీన్నిబట్టే అర్థమవుతుంది. బీపీ ఉందా, మాత్రలేమైనా వాడుతున్నారా అని ఒక్క ప్రశ్న అడగకుండా స్కూపు కలిపివ్వడం నా కళ్లతో చూశాను.

6. ఎనర్జీ డ్రింకు, స్పోర్ట్స్ డ్రింకు ఒకటి కావు.

చాలామంది తల్లిదండ్రులు రెండూ ఒకటే అనుకుని కొనిస్తున్నారు. స్పోర్ట్స్ డ్రింకు చెమటతో పోయిన నీటిని, సోడియాన్ని భర్తీ చేయడానికి తయారైంది, అందులో చక్కెర 6 నుంచి 8 శాతం. మామూలు ఎనర్జీ డ్రింకులో 11 శాతం దాకా ఉంటుంది, 250 మిల్లీలీటర్ల చిన్న క్యాన్‌లో 27 గ్రాములు. అంత చిక్కటి తీపి కడుపులోంచి నెమ్మదిగా కిందికి దిగుతుంది, పైగా గ్యాస్. పరిగెత్తే పిల్లలకు కడుపు పట్టేయడం, వికారం అందుకే. ఒక మాట న్యాయంగా చెప్పాలి: కెఫీన్ తాగితే ఒంట్లో నీరంతా పోతుందనే ప్రచారం సరికాదు, మితంగా తీసుకుంటే వ్యాయామంలో అలా జరగదు. నా అభ్యంతరం అది కాదు. దాహానికి నీళ్లివ్వాల్సిన చోట దీన్ని ఇవ్వడం నా అభ్యంతరం.

7. పొడితో చెలగాటం.

నీళ్లు కలపకుండా పొడిని నేరుగా నోట్లో వేసుకోవడం కుర్రాళ్లలో గొప్పగా చెలామణి అవుతోంది. గొంతులో అడ్డుపడి ఊపిరాడకపోవచ్చు, మోతాదంతా ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. అంతకంటే ఘోరం విడిగా దొరికే శుద్ధ కెఫీన్ పొడి. అది ఒక్క టీస్పూన్ తీసుకుంటే సుమారు 28 కప్పుల కాఫీ తాగినట్టని అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. 1200 మిల్లీగ్రాములు, అంటే అర టీస్పూన్‌కు కాస్త తక్కువ పొడి, గబుక్కున లోపలికి పోతే మూర్ఛలు రావచ్చు. వంటింటి త్రాసులో కనీస తూకమే ఒక గ్రాము. దానితో 200 మిల్లీగ్రాములు తూచడం ఎవరి తరమూ కాదు.

8. "నిషేధం లేదు కదా" అన్న జవాబు గురించి.

నిజమే. ఒకప్పుడు ఒలింపిక్ క్రీడాకారుల మూత్రంలో మిల్లీలీటరుకు 12 మైక్రోగ్రాములు దాటితే తప్పుగా చూసేవారు. 2004 జనవరి నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ కెఫీన్‌ను నిషేధిత జాబితా నుంచి తీసేసింది. వాడకం ఎలా ఉందో కనిపెట్టి చూసే జాబితాలో మాత్రం ఉంచింది. డోపింగ్ నియమాలు ప్రధానంగా పోటీ న్యాయంగా జరగడానికి. 42 కిలోల పిల్లవాడికి ఎంత తాగించవచ్చో ఆ జాబితా చెప్పదు. ఒలింపిక్ అథ్లెట్ వెనక డాక్టరు, పోషకాహార నిపుణుడు ఉంటారు, బరువు చూసి మిల్లీగ్రాములు లెక్కకడతారు. మన పిల్లల వెనక ఉన్నది మనమే.

ఇవన్నీ చెప్పాక మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి. సలహాలుగా కాక, డిమాండ్లుగానే తీసుకోండి.

ఒకటి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు పాల్గొనే ఏ పోటీలోనూ, ఏ శిబిరంలోనూ ఎనర్జీ డ్రింకులు పంచకూడదు, అమ్మకూడదు, బహుమతిగా ఇవ్వకూడదు. వాటి స్పాన్సర్ బల్లలు గ్రౌండు లోపల ఉండకూడదు. స్పాన్సర్ లేకపోతే పోటీ ఎలా నడుస్తుందని అడిగేవారికి నా జవాబు: చిన్నగా నడపండి. పిల్లలు పరిగెత్తడానికి కావలసింది ట్రాకు, గడియారం, తాగేందుకు నీళ్లు.

రెండు. ఆ నీళ్లు చాలినన్ని ఉండాలి. గంటకు మించి సాగే ఆటల్లో ఉప్పు, చక్కెర సరైన పాళ్లలో ఉన్న పానీయం పెట్టండి. నేను వెళ్లిన కొన్ని చోట్ల క్యాన్లు కుప్పలుగా ఉన్నాయి, మంచినీళ్ల డ్రమ్ము మధ్యాహ్నానికే ఖాళీ.

మూడు. పెద్దవాళ్లకు కెఫీన్ సూచించే ట్రైనరు ముందుగా వారి బరువు, రాత్రి నిద్ర, బీపీ, గుండె జబ్బులు, వాడుతున్న మందులు, గర్భం, ఆ రోజు అప్పటికే తాగిన కాఫీ, టీలు అడిగి తీరాలి. సూచన మిల్లీగ్రాముల్లో ఉండాలి, స్కూపుల్లో కాదు. లోపలి పదార్థాల మోతాదులు విడివిడిగా రాయకుండా "మిశ్రమం" అని ఒక్క అంకె వేసే పొడులను జిమ్‌లోకి రానివ్వకండి. సాయంత్రం బ్యాచ్‌లకు కెఫీన్ సూచించడం పూర్తిగా మానాలి. శుద్ధ కెఫీన్ పొడి జిమ్‌లో కనిపించకూడదు.

నాలుగు. పెద్దల కోసం ఇవి అమ్మే జిమ్ములు ఒక్కో క్యాన్‌లో, ఒక్కో స్కూపులో కెఫీన్ ఎంతో దూరం నుంచి కూడా కనబడే అక్షరాల్లో బోర్డు మీద రాయాలి. ఆ అమ్మకంలో మీకు వాటా ఉంటే ఆ సంగతీ చెప్పండి. సలహా ఇచ్చే మనిషి అమ్మేవాడు కూడా అయినప్పుడు, వినేవాడికి తెలియాలి కదా.

ఐదు. గుండె దడ, ఛాతీలో నొప్పి, వణుకు, కళ్లు తిరగడం, ఆగకుండా వాంతులు, అయోమయం, వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపించి వైద్యం అందించేలా ప్రతి కోచ్‌కూ, ప్రతి వాలంటీర్‌కూ శిక్షణ ఇవ్వండి. మనిషితో పాటు తాగిన క్యాన్‌నూ ఆసుపత్రికి పంపండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు దాని మీదే ఉంటుంది.

ఆరు. "అలిసిపోయాను" అని చెప్పిన పిల్లను ఎగతాళి చేయవద్దు. ఇది ఏ నియమావళిలోనూ రాయలేరని నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను. క్యాన్ కోసం చెయ్యి చాచే పిల్లల్లో చాలామంది అలుపు చూపిస్తే జట్టులోంచి తీసేస్తారన్న భయంతోనే చాస్తున్నారు. ఆ భయం పెట్టింది మనమే కాబట్టి తీయాల్సిందీ మనమే.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. మీ పిల్లలు ప్రాక్టీసుకు ముందు, తర్వాత ఏం తాగుతున్నారో అడగండి. పిల్లల మీద కోప్పడకుండా కోచ్‌ను అడగండి. జవాబు మిల్లీగ్రాముల్లో చెప్పమనండి.

నిర్వాహకులారా, మీ తదుపరి పోటీల ప్రకటన వెలువడే లోపు, పై అంశాల్లో ఏవి అమలు చేస్తారో, ఏవి చేయరో, చేయనివాటికి కారణమేమిటో రాతపూర్వకంగా తెలియజేయండి. ఆ జవాబును తల్లిదండ్రులందరికీ అందేలా ప్రకటించండి. అప్పటివరకు నా దగ్గర శిక్షణ పొందే పిల్లలను, క్యాన్లు పంచే ఏ పోటీకీ తీసుకురాను. నాతో ఏకీభవించే తోటి వ్యాయామ ఉపాధ్యాయులను కూడా ఇదే నిర్ణయం తీసుకోమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు